లావు అతుకు

మా ఓడల యార్డులో ఒక మాట ఉంది: మాన్సు వంచుతాడు, పిల్సున్ తీస్తుంది. కొత్తగా పనిలో చేరినవాళ్లకు ఎవరో ఒకరు ఈ మాట చెప్పి నవ్విస్తారు.

మొగుడు వెల్డరు. పెళ్లాం మంట పట్టే మనిషి. ఆయన అతికిన ఇనుప రేకు వంకరపోతే, దాన్ని గ్యాసు మంటతో ఎర్రగా కాల్చి, వెంటనే గొట్టంతో నీళ్లు కొట్టి, మళ్లీ చదును చెయ్యడం ఆవిడ పని. కొరియాలో మా కొజె దీవి యార్డుల్లో మొగుడూ పెళ్లాం ఇద్దరూ వెల్డర్లైన జంటలు చాలానే ఉన్నాయి. ఒకరు చెడగొడితే ఒకరు బాగుచేసే జంట మాత్రం నాకు తెలిసి ఇదొక్కటే.

రేకులు నిలబెట్టి, కదలకుండా అక్కడక్కడా వెల్డింగ్ చుక్కలు వేసి పట్టించే పని నాది. నా వెనకాల మాన్సు అన్న వస్తాడు. ఆయన వెనకాల పిల్సున్ వదిన. అందుకని ఈ కథ నాకు ముందు నుంచీ వెనక నుంచీ కూడా తెలుసు.

ఇనుము ముడుచుకుంటుందంటే బయటివాళ్లు నమ్మరు. రవికె కుట్టేటప్పుడు దారం బిగలాగితే గుడ్డ కుచ్చు పడుతుంది కదా, ఇదీ అంతే. వెల్డింగ్ చేసిన అతుకు వేడి మీద ఉన్నంతసేపూ మెత్తగా పరుచుకుంటుంది. చల్లారేటప్పుడు ముడుచుకుంటుంది. ముడుచుకుంటూ పక్కనున్న రేకును కూడా తన వైపు లాక్కుంటుంది. అందుకే రేకును కొలతకు కొంచెం ఎక్కువే ఉంచి కోస్తారు. నడిమి నుంచి మొదలుపెట్టి అంచులకు పోతూ అతుకుతారు. ఒకచోట కొంచెం వేసి, కొంత వదిలి, ఇంకోచోట వేస్తారు. ఇన్ని జాగ్రత్తలు పడ్డా ఎంతో కొంత వంకర వస్తుంది. ఆ ఎంతో కొంత పిల్సున్ వదిన వంతు.

అతుకు ఎంత లావైతే లాగుడు అంత ఎక్కువ. మాన్సు అన్న అతుకు లావు.

వాళ్లిద్దరూ కలిసిందే దాని మూలాన. అప్పుడు ఇద్దరికీ పెళ్లి కాలేదు. తలకు తువ్వాలు చుట్టుకుని, మోకాళ్లకు రబ్బరు ముక్కలు కట్టుకుని వదిన ఒక బ్లాకులోకి, అంటే ముక్కలుగా కట్టే ఓడలో ఒక ముక్కలోకి, దిగింది. దిగీ దిగగానే అరిచింది.

"ఈ అతుకు వేసిన దున్నపోతు ఎవరు?"

మాన్సు అన్న ముసుగు పైకెత్తాడు. "ఆ దున్నపోతును నేనే. ఏం, ఊడిందా?"

"ఊడితే బాగుండేది. ఊడదనే నా ఏడుపు. వానపామంత వెయ్యవయ్యా అని కొలతల బొమ్మలో గీసిస్తే, కొండచిలువను పడుకోబెట్టావు. రేకు చూడు ఎలా ఉబ్బిందో! దీన్ని తియ్యడానికి నా మోకాళ్లు అరిగిపోవాలి."

మర్నాడు ఆవిడ పనిలోకి వచ్చేసరికి, ఆవిడ గ్యాసు గొట్టం పక్కన కాగితం గ్లాసులో వేడి కాఫీ ఉంది. ఎవరు పెట్టారని అడిగితే, "కొండచిలువ తరఫున" అన్నాడట. ఆ ఏడాది శీతాకాలంలోనే పెళ్లయింది. ఇప్పుడు వాళ్ల కూతురు బుసాన్‌లో క్షవరం దుకాణం పెట్టుకుని బతుకుతోంది.

పెళ్లయినా కొండచిలువలు తగ్గలేదు. చేతకాక కాదు. గీత గీసినట్టు సన్నగా వెయ్యగలడు. వెయ్యడు. దానికి కారణం ఆయన సొంత తమ్ముడు.

తమ్ముడి పేరు మాన్దోక్. సరుకుల ఓడల్లో వంటవాడు. కుర్రతనంలో మొదటి ప్రయాణం నుంచి వచ్చి అన్నతో ఒక మాట అన్నాడు. "తుఫానులో ఓడంతా మూలుగుతుందన్నయ్యా. మా గదుల్లో పడుకుంటే గోడలు ఏడ్చినట్టే ఉంటుంది." చెప్పినవాడు చెప్పి మర్చిపోయాడు. విన్నవాడి చెవిలో అది ఉండిపోయింది. అప్పటి నుంచి ఓడవాళ్లు పడుకునే గదుల బ్లాకు దొరికితే చాలు, బొమ్మలో ఉన్నదాని మీద ఇంకో వరస దట్టించడం అలవాటైంది.

"పడుకునేది మనుషులు తమ్ముడూ" అనేవాడు నాతో. "ఇంకో పిడికెడు వేస్తే నా సొమ్మేం పోయింది?"

పోయేది వదిన మోకాళ్లు. ఆ మాట ఆవిడ నవ్వుతూ అనేది, మొత్తానికి పని చేసేది. తనిఖీ మనిషి రాకముందే, మేమంతా అన్నం తినే వేళ గబగబా తిని లేచి, మొగుడి గోడలకు మంట పట్టి చదును చేసి పెట్టేది. ఆ సంగతి మాకందరికీ తెలుసు. మాన్సు అన్న మాత్రం తన గోడలు అంత వంకరపోవని నమ్ముకుని ఉండేవాడు.

ఇంకొకటి కూడా మాకందరికీ తెలుసు, ఆఫీసుకు తెలియదు. వదినకు చెవులు పోతున్నాయి. ఇన్నేళ్లు ఇనుప పెట్టెల్లాంటి బ్లాకుల్లో సుత్తి మోతల మధ్య కూర్చున్న చెవులు అవి. మనిషి ఎదురుగా నిలబడి మాట్లాడితే పెదాలు చూసి అందుకుంటుంది. నెత్తిమీదుగా బ్లాకును మోసుకుంటూ క్రేను కూత పెడుతూ వస్తే మాత్రం ఆవిడకు వినబడదు. అందుకని మాన్సు అన్న ఎక్కడ పని చేస్తున్నా ఆవిడకు కనబడేచోట ఉంటాడు. క్రేను వస్తే ముసుగు ఎత్తి చెయ్యి ఊపుతాడు. ఆవిడ మంట తగ్గించి పక్కకు తప్పుకుంటుంది. మా నామ్ మేస్త్రికీ ఇది తెలుసు. తెలియనట్టు ఆకాశం చూస్తాడు.

కిందటి చలికాలంలో ఒక గ్యాసు మోసే ఓడ గదుల బ్లాకు మా జట్టుకు వచ్చింది. గదుల ముందు వసారా గోడ చాలా పొడుగు. రేకు పలచన. వెనకవైపు పక్కటెముకల్లా పట్టీలు. గోడ నిండా తలుపులకు కోసిన ఖాళీలు. అలాంటి గోడకు సన్నటి అతుకే ఎక్కువ. మాన్సు అన్న ఎప్పటిలాగే వేశాడు. చల్లారేసరికి పట్టీకీ పట్టీకీ మధ్య రేకు ఉబ్బింది. వదిన అన్నం వేళల్లో రెండుసార్లు మంట పట్టింది. తగ్గింది గానీ పోలేదు.

శుక్రవారం ఓడ కొనేవాళ్ల తరఫు మనిషి వచ్చి, గోడ మీద పొడుగు బద్ద ఆనించి చూశాడు. బద్ద కింద నుంచి వెలుగు కనబడింది. తల అడ్డంగా ఊపి వెళ్లిపోయాడు.

ఆయన మెట్లు దిగేదాకా ఆగి నామ్ మేస్త్రి మొదలుపెట్టాడు.

"ఒరేయ్ మాన్సూ, గోడ కట్టమంటే ఏం కట్టావురా? నెలలు నిండిన కడుపులా ఉంది."

"చల్లారితే సర్దుకుంటుంది మేస్త్రీ."

"చల్లారి మంచు కురుస్తోంది, ఇంకెప్పుడు సర్దుకుంటుంది?" మేస్త్రి గొంతు తగ్గించాడు. "ఇటు విను. ఆ అతుకులన్నీ కోసి తీసి మళ్లీ వెయ్యాలి. గురువారం ఆయన మళ్లీ వస్తాడు. ఈసారి కూడా వెలుగు కనబడితే నిన్ను ఉల్సాన్ యార్డుకు పంపిస్తామని పైవాళ్లు తేల్చేశారు. అక్కడన్నీ ఓడ అడుగుభాగం బ్లాకులు, మందపు రేకులు. నీ కొండచిలువలు అక్కడ హాయిగా బతుకుతాయి. నీకు అది శిక్ష కూడా కాదు."

"మరి పిల్సున్?"

"పలచటి గోడలన్నీ ఇక్కడే ఉన్నాయి కదరా. ఆవిడ ఇక్కడే."

మాన్సు అన్న తల తిప్పాడు. క్రేను వైపు ఒకసారి చూశాడు. మేస్త్రి ఆకాశం చూశాడు.

అప్పుడే వదిన గొట్టం ఈడ్చుకుంటూ వచ్చింది. గోడ ముందు చతికిలబడి ఉబ్బు మీద అరచెయ్యి ఆనించింది. కాల్చిన ప్రతిచోటా ఆవిడ సుద్దతో గుర్తు పెడుతుంది. ఒకసారి కాల్చితే ఒక సున్నా. రెండోసారి కాల్చితే దాని చుట్టూ ఇంకో సున్నా. మూడో సున్నా మాలో ఎవరూ గీయరు. ఒకేచోట అన్నిసార్లు కాల్చి నీళ్లు కొడితే ఇనుము సత్తువ పోతుంది. ఆ గోడ మీద ఎక్కడ చూసినా రెండేసి సున్నాలు ఉన్నాయి. ఎన్ని అన్నం వేళలు అక్కడ గడిపిందో మాన్సు అన్నకు అప్పుడు తెలిసినట్టుంది.

ఆవిడకు ఎదురుగా వెళ్లి కూర్చున్నాడు. "ఇంకొక్కసారి పట్టవే. సున్నాలు తుడిచేస్తే ఎవరికి తెలుస్తుంది?"

"తుడిస్తే సున్నా పోతుంది. కాలిన చోటు పోతుందా?"

"ఒక్కసారేగా."

"గోడ గట్టిగా ఉండాలనే కదయ్యా అంత లావు వేశావు? ఇప్పుడు ఆ గోడనే మూడోసారి కాల్చి గుల్ల చెయ్యమంటున్నావు. నీ గట్టితనం ఏమైనట్టు?"

 వదిన గ్యాసు కట్టేసి, గొట్టం చుట్ట చుట్టి భుజాన వేసుకుంది. "ఇక నేను ముట్టను. ఎవరు వేశారో వాళ్లే చూసుకోండి" అని మెట్లు దిగి వెళ్లిపోయింది. ఆ సాయంత్రం గేటు దగ్గర ఇద్దరూ ఒకే స్కూటరు ఎక్కారు గానీ మధ్యలో అన్నం డబ్బా పెట్టుకుని కూర్చున్నారు.

మా ఇల్లు వాళ్లింటి వెనకాలే. మధ్యలో వాళ్ల పెరడు. ఆ పెరట్లో బట్టలు ఆరేసుకునే ఇనుప దండెం ఒకటి ఉంది. పెళ్లయిన కొత్తలో మాన్సు అన్న పెళ్లాం కోసం చేసింది. రెండు కొసలా అతుకు పిడికెడు లావు వేశాడు. చల్లారేసరికి దండెం ఒక పక్కకు వంగిపోయింది. ఆరేసిన బట్టలన్నీ జారి ఒక మూలకు చేరతాయి. వదిన వాటిని తెచ్చి మళ్లీ పరుస్తుంది, అవి మళ్లీ జారతాయి. తుఫానుకు మా పైకప్పు లేచిపోయిన ఏడు కూడా ఆ దండెం కదల్లేదు.

ఆ సాయంత్రం ఏదో వంక పెట్టుకుని నేను వాళ్లింటికి వెళ్లాను. వదిన పొయ్యి మీద రేకులా చదునుగా ఎండబెట్టిన స్క్విడ్ చేప కాలుస్తోంది. మంట తగిలేసరికి అది చుట్టచుట్టుకుపోయింది. దాన్ని పళ్లెంలో వేసి మొగుడి ముందు పెట్టింది.

"చూసుకో, ఇదే నీ గోడ."

"ఇది తినేది. గోడ పక్కన మనుషులు పడుకుంటారు" అన్నాడాయన, స్క్విడ్ ముట్టకుండా.

"పడుకుంటే? సన్నటి అతుకు వేసినవాళ్ల ఓడలన్నీ మునిగిపోయాయా?"

"నీకు తెలియదే. గోడలు ఏడుస్తాయని మాన్దోక్..."

"నాకు ఉన్న చప్పుడే వినబడదు. నీకేమో లేని చప్పుళ్లు కూడా వినబడతాయి" అంది వదిన. అని, నా వైపు తిరిగింది. "నువ్వైనా చెప్పయ్యా. ఉల్సాన్‌లో ఈయన లావుగా వేసుకుంటూ సుఖంగా ఉంటాడు. ఇక్కడ క్రేను కింద నేనుంటా. మేస్త్రి ఆకాశం చూస్తూ ఉంటాడు. ఎవరు చెయ్యి ఊపుతారు?"

మాన్సు అన్న తల వంచుకున్నాడు. "సన్నగానే వేస్తానే. వేద్దామనే కూర్చుంటా. చెయ్యి వినదు. ఆ గదిలో మాన్దోక్ పడుకుని ఉన్నట్టే ఉంటుంది."

ఆదివారం ఆ మాన్దోకే వచ్చాడు. అది కాడ్ చేపల కాలం. ఓడ దిగి సెలవు మీద వచ్చాడంటే అన్నా వదినలను రేవు పక్కన చేపల చారు హోటలుకు తీసుకుపోవడం అతని అలవాటు. నన్నూ రమ్మన్నాడు. ఇప్పుడు అతనికి బొజ్జ వచ్చింది, బట్టతల వచ్చింది. గిన్నెలోంచి ఆవిరి వస్తుంటే చారు రుచి చూసి పెదవి విరిచాడు.

"ముల్లంగి ముందే వేశారు వదినా. ఉడికి చచ్చింది." ఆవిడకు వినబడాలని హోటలంతా అదిరేలా అన్నాడు. వంటావిడ లోపల నుంచి తొంగి చూసింది. "నీ మొహంలా ఉంది, తిను!" అంది.

మాన్సు అన్న తినడం లేదు. చెంచాతో చారు కలుపుతున్నాడు. చివరికి అడిగేశాడు.

"ఒరేయ్, ఓడలో నీ గది గోడలు ఇప్పుడూ ఏడుస్తాయా?"

"ఏమిటీ?"

"నువ్వే అన్నావు కదరా. మొదటిసారి వచ్చినప్పుడు. గోడలు ఏడుస్తాయని."

మాన్దోక్‌కు గుర్తు రావడానికి కాస్త పట్టింది. తర్వాత నోట్లో అన్నం పెట్టుకునే పగలబడి నవ్వాడు. "అదా! అప్పుడు నాకు మీసాలే రాలేదన్నయ్యా. వాంతులు చేసుకుంటూ, అమ్మ గుర్తొచ్చి, ఏదో వాగి ఉంటాను. ఓడన్నాక మూలుగుతుంది. అల మీదకెక్కితే అటు వంగాలి, దిగితే ఇటు వంగాలి. వంగేదాన్ని వంగనివ్వాలి. ఆ మూలుగు మాకు జోలపాట. అది ఆగిపోతేనే లేచి కూర్చుంటాం."

"మరి నీకు భయం లేదా?"

"భయం కాదు గానీ, నిద్రలేకుండా చేసిన ఓడ ఒకటుంది. అది మూలుగు కాదు, తలుపు. నా గది తలుపు పడేది కాదు. గోడ ఎంత ఉబ్బిందో, చట్రం తలుపును పట్టేసేది. గట్టిగా లాగి వేస్తే నడిరాత్రి ఓడ ఊగినప్పుడు దానంతటదే తెరుచుకుని ధన్ ధన్‌మని కొట్టుకునేది. సందులో అట్టముక్కలు కుక్కేవాణ్ణి. పక్క గదిలో ఇంజనువాడైతే దుప్పటి చింపి కుక్కాడు. పైగా మీ యార్డు ఓడే! ఈ గోడ కట్టినవాడు కనబడితే రెండు తగిలించాలి అనుకునేవాళ్లం."

నేను చారులోకి చూస్తూ కూర్చున్నాను. వదిన మరిది పెదాల వైపే చూస్తోంది, ఒక్క మాట కూడా పోనివ్వకుండా.

"ఏ అంతస్తురా?" అన్నాడు మాన్సు అన్న.

"మూడోది. ఎడమ పక్క. ఎందుకు?"

గదుల బ్లాకు వస్తే మా జట్టుకు ఎప్పుడూ ఆ పక్కే. మాన్సు అన్న చెంచా కింద పెట్టాడు. మాన్దోక్ అన్న మొహం చూశాడు, వదిన మొహం చూశాడు, నా మొహం చూశాడు. నెమ్మదిగా అర్థమైంది.

"అయ్యో" అన్నాడు. తర్వాత ఇంకేం అనాలో తెలియక, గిన్నెలోంచి చేప తలకాయ తీసి అన్న గిన్నెలో వేశాడు. "తినన్నయ్యా. అట్టముక్కలతో సరిపోయిందిలే."

"నువ్వే పడుకున్నావురా ఆ గదిలో" అన్నాడు మాన్సు అన్న. ఆ మాట మళ్లీ ఒకసారి అన్నాడు. చేప తలకాయ చల్లారిపోయినా తినలేదు.

సోమవారం పొద్దున అందరం వరసల్లో నిలబడి, పాటకు చేతులు ఊపే కసరత్తు అయ్యాక, ఆయన తిన్నగా గోడ దగ్గరకు వెళ్లాడు. అతుకులు కోసి తియ్యడం మొదలుపెట్టాడు. ఇంకొకరు వేసింది తియ్యడమే విసుగు పని. తను వేసింది తియ్యడం, అందులోనూ కొండచిలువలు తియ్యడం చూడలేకపోయాం. నిప్పురవ్వలు వసారా పొడుగునా చిమ్మాయి. ఒకచోట ఆగి ముసుగు ఎత్తి, "ఎంత వేశానో చూడు తమ్ముడూ, తీసినా తరగట్లేదు" అన్నాడు. పట్టీలు వదులు కాగానే రేకు టంగుమని మోగి సగం దానంతటదే వెనక్కి వెళ్లింది. నేను పట్టీలు సరిచేసి మళ్లీ చుక్కలు వేశాను.

మళ్లీ అతికే వేళకు వదిన వచ్చింది. మంట తేలేదు. గోడ పక్కన బకెట్టు బోర్లించి కూర్చుంది.

"నువ్వెందుకు?" అన్నాడు మాన్సు అన్న.

"ముట్టనన్నాను గానీ చూడనన్నానా?"

ఆయన తన చిన్న సుత్తి ఆవిడ చేతిలో పెట్టాడు. "చెయ్యి ఎక్కడ నెమ్మదిస్తే అక్కడ లావెక్కుతుంది. నా చెయ్యి నెమ్మదించినప్పుడల్లా దీని పిడితో నా మోకాలి మీద కొట్టు."

"ఎంత గట్టిగా?"

"ఇన్నేళ్ల కసి ఉంది కదా. తీర్చుకో."

వదిన నల్లద్దం కళ్లకు పెట్టుకుంది. ఆయన గోడ నడుమ మొదలుపెట్టి, ఒకచోట వేసి, కొంత వదిలి, అటొకటి ఇటొకటి వేసుకుంటూ పోయాడు. వెలుగు కాస్త ఆగగానే మోకాలి మీద పిడి పడేది. మొదట్లో మాటిమాటికీ పడింది. తలుపు ఖాళీల దగ్గరైతే ఇంకా ఎక్కువ పడింది. "అబ్బా! మోకాలు పోతుందే" అని అరిచాడు ఒకసారి. "నావి పోలేదూ?" అంది ఆవిడ. జట్టంతా పని ఆపి నవ్వింది. నామ్ మేస్త్రి వచ్చి ఎందుకు నవ్వుతున్నారని కూడా అడగలేదు. రెండో రోజుకు దెబ్బలు తగ్గాయి. సాయంత్రానికి ఆవిడ సుత్తి ఒళ్లో పెట్టుకుని ఊరికే కూర్చుంది.

గురువారం ఆ మనిషి వచ్చి బద్ద ఆనించాడు. వెలుగు కోసం వంగి చూశాడు. ఒకచోట సన్నటి గీతలా కనబడింది.  ఆయన ఆ సందులో పలచటి కొలత రేకు దూర్చబోయాడు, దూరలేదు. ఇంకొంచెం ముందుకు జరిగి చూశాడు. గోడ చివరిదాకా చూసి తల నిలువుగా ఊపాడు. మెట్ల దగ్గర మేస్త్రితో ఏదో అన్నాడు. మేస్త్రి వెనక్కి వచ్చి, "ఉల్సాన్‌వాళ్లకు అదృష్టం లేదురా మాన్సూ" అని, నవ్వు దాచుకోవడానికి ముక్కు చీదాడు.

అందరూ అన్నానికి వెళ్లారు. మాన్సు అన్న వెళ్లలేదు. తలుపులు బిగించేవాళ్లు అప్పుడే ఒక గదికి తలుపు వేలాడదీసి పోయారు. ఆయన దాని దగ్గరకు వెళ్లి, తోసి వదిలాడు. తలుపు నెమ్మదిగా వెళ్లి టక్‌మని పడింది. తెరిచి మళ్లీ వదిలాడు. మళ్లీ పడింది.

వదిన వెనక నుంచి వచ్చింది. ఆ టక్ ఆవిడకు వినబడే చప్పుడు కాదు. గోడకు అరచెయ్యి ఆనించి, "ఇంకోసారి వెయ్యి" అంది. ఆయన వేశాడు. ఆవిడ అరచెయ్యి తీయకుండానే, "పడింది" అంది.

ఇద్దరూ ఆ గది ముందే డబ్బా విప్పుకుని అన్నం తిన్నారు.

తర్వాతి ఆదివారం పెరట్లో మాన్సు అన్న కోత యంత్రం తీసుకుని దండెం దగ్గర నిలబడ్డాడు. అతుకులు తీసేసి, సన్నగా వేసి, తిన్నగా నిలబెడతానన్నాడు. వదిన లోపల నుంచి తడి దుప్పటి తెచ్చి దండెం మీద వేసింది. అది జారి మూలకు పోయింది.

"దాని జోలికి రాకు" అంది. "ఇందులో ఎవరూ పడుకోవడం లేదు."